నాలుగో పేజీ

దేవుడు వినలేదా, లేక నాకు రాయడం చేతకాలేదా? తొమ్మిదేళ్ళుగా ఈ అనుమానం నాతోనే ఉంది. పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు అది కూడా వచ్చి నా పక్కనే కూర్చుంటుంది. పైకి అడిగే ధైర్యం ఎప్పుడూ చేయలేదు. అడిగితే రెంటిలో ఏదో ఒకటి నిజమని తేలుతుంది కదా. దేవుడు వినలేదనుకుంటే నా భక్తికే లోటు. రాయడం చేతకాలేదనుకుంటే, అది ఎలాగూ మా ఇంట్లో అందరూ అనుకునే మాటే. అందుకని ఆ రెండోదానికే సర్దుకుపోతూ వచ్చాను. సర్దుకుపోవడం నాకు బాగా అలవాటైన పని.

మాది దర్జీ దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. మామగారు పెట్టిన దుకాణాన్ని ఇప్పుడు మావారు నడుపుతున్నారు. కోట్లు, బడిపిల్లల యూనిఫారాలు, హోటలు పనివాళ్ళ దుస్తులు కుడతాం. కొలతలు తీసుకోవడం, గుడ్డ కత్తిరించడం మావారి పని. కత్తిరించాక జరిగేదంతా తెరవెనక నాది. మిషను మీద కుట్టడం, అంచులు మడవడం, కాజాలు, బొత్తాలు, హుక్కులు, ఇస్త్రీ. వీటి మధ్యలోనే వంట, గిన్నెలు, అత్తయ్య మందులు, అమ్మాయి బడి. ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగితే మావారు "ఇంట్లోనే ఉంటుందండీ, అప్పుడప్పుడు నాకు చేయి సాయం" అంటారు. ఆ అప్పుడప్పుడు పొద్దున ఏడింటికి మొదలవుతుంది.

ఈ ఏడు మా వీధి చివర బడివాళ్ళు యూనిఫారాలు వేరే దుకాణానికి ఇచ్చేశారు. ఎందుకలా చేశారని మావారు వెళ్ళి అడిగితే, అక్కడి గుమాస్తా ఆశ్చర్యపోయాడట. "మీరు యూనిఫారాలు కూడా కుడతారా? ఇంటర్నెట్‌లో వెతికాను, మీరు రాలేదే" అన్నాడట. మావారు ఇంటికొచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టారు.

"చూడు. మన దుకాణం పేరు కొట్టాను. మొట్టమొదట మనమే ఉన్నాం. వాడికి వెతకడం రాక మనల్ని అంటాడు."

అయినా ఆయనకి మనసులో పీకుతూనే ఉంది. లైబ్రరీలో చిన్న దుకాణాలవాళ్ళకి నాలుగు శనివారాలు ఉచితంగా క్లాసులు చెబుతున్నారని, వెతికినప్పుడు మన వెబ్‌సైటు ముందుకు రావాలంటే దాన్ని మనమే ఎలా పరీక్షించుకోవాలో నేర్పుతారని కరపత్రం వచ్చింది. దాన్ని రెండు రోజులు బల్ల మీద ఉంచి, మూడో రోజు నా వైపు తోశారు.

"నాకెక్కడ కుదురుతుంది? నువ్వెళ్ళు. నీకు ఖాళీయే కదా."

లోపలి గదిలోంచి అత్తయ్య అందుకున్నారు. "అది వెళ్ళి ఏం చేస్తుందిరా? పదో తరగతి తప్పినదానికి కంప్యూటరు పాఠాలా?"

"తప్పలేదత్తయ్యా. పాసయ్యాను. ఆ తర్వాతే మానిపించారు."

"ఏదో ఒకటిలే."

పదిహేడేళ్ళ కాపురంలో ఈ మాట నేను కనీసం వందసార్లు సరిదిద్ది ఉంటాను. ప్రతిసారీ ఏదో ఒకటే అవుతుంది.

క్లాసులో పదకొండుమందిమి. తాళాలు బాగుచేసేవాడు, పూల దుకాణం అక్కాచెల్లెళ్ళు, కుర్చీలు అల్లే ముసలాయన, ఇలా. పాఠం చెప్పే మేడమ్ భారీ మనిషి. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది, అది పెట్టుకున్నప్పుడే ఆవిడకి కోపం వస్తుంది. మొదటిరోజే అందరి చేతా ఫోన్లు తీయించి, "మీ దుకాణం పేరు కొట్టకుండా, మీరు చేసే పని పేరు కొట్టి వెతకండి" అంది. కొట్టాం. ఎవరూ కనిపించలేదు. మేము అసలే కనిపించలేదు.

"మీ పేరు తెలిసినవాళ్ళకి మీ దారి కూడా తెలుసు. వాళ్ళు వెతకనక్కరలేదు. పేరు తెలియనివాళ్ళకి కనిపించారా లేదా, అదీ సంగతి" అంది మేడమ్. గోడ పక్కనున్న పుస్తకాల బీరువాలు చూపించింది. "ఈ లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడుందో రాసిన పట్టీ ఒకటి ఉంది. పుస్తకం బీరువాలోనే ఉన్నా, పట్టీలో ఎక్కకపోతే దాన్ని ఎవరూ అడగరు. సెర్చ్ ఇంజిన్ కూడా అంతే. ఊరూరా తిరిగి పేజీలు చూసి పట్టీ రాసుకుంటుంది. మీ పేజీలు ఆ పట్టీలోకి ఎక్కాయో లేదో, ఎక్కకపోతే ఏం అడ్డొచ్చిందో చూసుకోండి." తర్వాత పందొమ్మిది ప్రశ్నలున్న కాగితం తలా ఒకటి ఇచ్చింది. పేజీకి తలకట్టు, అంటే శీర్షిక, ఉందా, లోపల ఏముందో చెప్పే రెండు వాక్యాలున్నాయా, బొమ్మల కింద మాటలున్నాయా, నొక్కినవన్నీ తెరుచుకుంటున్నాయా. ప్రతి పేజీనీ ఈ పందొమ్మిదీ అడగాలి. "మొహమాటపడకండి. మీ పేజీయే కదా అని వదిలేయకండి."

రెండో వారం పేజీని లోపలినుంచి చూడటం నేర్పింది. మౌసు కుడిపక్క నొక్కితే ఒక వరుస వస్తుంది, అందులో ఒకటి ఎంచుకుంటే పేజీ వెనక రాతంతా బయటపడుతుంది. మిగతావాళ్ళు ఆ రాత చూసి బెదిరిపోయారు గానీ నాకు నవ్వొచ్చింది. ఇది బట్టను తిరగేసి చూడటమే. కోటు బాగుందో లేదో పైన చూస్తే తెలియదు, లోపలికి తిప్పి కుట్లు చూడాలి. మామగారు నాకు నేర్పిన మొదటి పని అదే. ఎక్కడ దారం తెగింది, ఎక్కడ అంచు మడవకుండా వదిలేశారు, ఎక్కడ ఒకరి తప్పును ఇంకొకరు కప్పేశారు, అన్నీ లోపలివైపే ఉంటాయి.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మావారు, అత్తయ్య పడుకుంటారు. ఆ వేళలో దుకాణం బల్ల మీది కంప్యూటరు ముందు కూర్చుని మా వెబ్‌సైటును పరీక్షించాను. కొలతలు రాసుకునే చీటీల వెనక రాసుకున్నాను. పేజీకో చీటీ. మొత్తం పద్నాలుగు. కుట్టాల్సిన బట్టల చీటీల్లాగే వాటినీ మేకుకి గుచ్చాను. మధ్యలో ఎవరైనా వస్తే లేచి బట్టలిచ్చి, మళ్ళీ కూర్చునేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి, ఒక్క పేజీ చూసొస్తానని వచ్చి రెండుసార్లు పొంగించాను కూడా.

మా వెబ్‌సైటు మా మరిది చేసినది. పద్నాలుగు పేజీలకీ ఒకటే తలకట్టు. చిరునామా పేజీలో ఎప్పుడో తీసేయించిన ఫోను నంబరు. కోట్ల దగ్గర నొక్కితే ఖాళీ పేజీ. బొమ్మలకి ఒక్కదానికీ మాటల్లేవు. కళ్ళు లేనివాళ్ళకీ, సెర్చ్ ఇంజిన్‌కీ బొమ్మలో ఏముందో మాటల్లోనే చెప్పాలట. నాకు ఆ పని చాలా నచ్చింది. నీలం కోటు, మూడు బొత్తాలు. తెల్ల చొక్కా, గుండ్రని కాలరు. మొదటి పేజీలో మావారు నిలబడి కోటు గుడ్డ కత్తిరిస్తున్న బొమ్మ ఉంటుంది. దాన్ని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను గానీ, మాటల్లో పెట్టాల్సి వచ్చేసరికి మొదటిసారి సరిగ్గా చూశాను. కుడివైపు అంచులో ఒక చెయ్యి ఉంది. సూది పట్టుకుని కాజా కుడుతోంది. మణికట్టు దగ్గర తెగిపోయింది ఆ చెయ్యి. అది నాదే. 'కోటు కత్తిరిస్తున్న దర్జీ' అని రాసి ఆగాను. ఆగి, 'పక్కన కాజా కుడుతున్న ఇంకో దర్జీ' అని చేర్చాను. రాశాక ఎవరైనా చూశారేమోనని తల తిప్పి చూసుకున్నాను. దొంగతనం చేసినట్టుంది. ఇంతకీ నేను ఎత్తుకెళ్ళింది ఏమిటి? నా చేతినే.

పదిహేడో ప్రశ్న ఇలా ఉంది: ఈ పేజీని పట్టీలో రాసుకోవద్దని లోపల ఎక్కడైనా ఉందా? అలా చెప్పడానికి 'నోఇండెక్స్' అని ఒక మాట ఉంటుందట. ఆ ఒక్క మాట ఉంటే చాలు, సెర్చ్ ఇంజిన్ వచ్చి చూసి, మర్యాదగా తల వంచుకుని వెళ్ళిపోతుంది. మేడమ్ దాన్ని పెద్దగా వివరించలేదు. "చిన్న దుకాణాలవాళ్ళకి ఇది ఉండదులెండి, ఎవరైనా కావాలని దాచుకుంటేనే" అంది.

యూనిఫారాల పేజీ తిరగేశాను. పై నుంచి పన్నెండో వరుసలో ఆ మాట ఉంది.

హోటలు దుస్తుల పేజీలో ఉంది. కురచ చేయడం, వదులు చేయడం పేజీలో ఉంది. ఇస్త్రీ పేజీలోనూ ఉంది. అన్నిటిలోనూ పన్నెండో వరుసలోనే. వెనక్కి వెనక్కి వెళ్ళి చూస్తే మొదటి మూడు పేజీల్లో మాత్రం లేదు. మొదటి పేజీ, చిరునామా, కోట్లు. అందుకే మావారు మా పేరు కొట్టినప్పుడల్లా మేమే మొదట వస్తున్నాం. నాలుగో పేజీ నుంచి పద్నాలుగో పేజీ దాకా, పదకొండు పేజీలు లోపలినుంచి గడియ వేసి ఉన్నాయి.

నాలుగో పేజీ నాది. నేను రాసింది.

తొమ్మిదేళ్ళ క్రితం ఒక లెక్కల టీచరు కోటు బిగించుకోవడానికి వచ్చింది. మావారు టేపు తీయగానే వెనక్కి జరిగింది. "మీ ఇంట్లో ఆడవాళ్ళెవరైనా కొలత తీస్తారా?" అని అడిగింది. తెరవెనక్కి తీసుకొచ్చాను. కోటు విప్పి, లోపల వేసుకునే బాడీలోంచి ఉండలా చుట్టిన సాక్సు ఒకటి తీసి నా మిషను మీద పెట్టింది.

"ఎడమవైపు రొమ్ము తీసేశారమ్మా. ఆర్నెల్లయింది. ఇది పెట్టుకుని బడికి పోతున్నాను. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ఇది గొంతు దగ్గరికి ఎక్కుతుంది. నేను లెక్క చెబుతుంటే పిల్లలు సాక్సును చూస్తున్నారు."

ఆవిడ నవ్వింది గానీ నేను నవ్వలేకపోయాను. రేపు రమ్మన్నాను. మూడు వారాలు వచ్చింది. బాడీ లోపల పలచటి నూలుగుడ్డతో జేబు కుట్టాను, దూది పెడితే తేలిపోయింది. బరువుండాలి, లేకపోతే ఒక భుజం పైకి లేచి నడుము నొప్పి వస్తుంది. అవిసె గింజలు చిన్న సంచిలో పోసి చూశాం. ఎంత బరువు సరిపోతుందో వంటింటి తక్కెడలో తూచాను. "ఉల్లిపాయలు తూచినట్టు తూస్తున్నావేమిటమ్మా" అందావిడ. ఇద్దరం అత్తయ్యకి వినపడకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాం. చివరికి కుదిరింది. ఆవిడ నా గోడ మీద వేలితో పెద్ద లెక్క ఒకటి వేసి చూసింది. ఎక్కడా కదల్లేదు.

వెళ్ళేముందు గళ్ళ కాగితం తెచ్చి, జేబు ఆకారం, కొలతలు, ఎవరి ఒంటికి ఎలా పెంచాలో, ఎలా తగ్గించాలో అంతా గీసి ఇచ్చింది. లెక్కల టీచరు కదా, ప్రతి గీతకీ అంకె వేసింది. పై మూల పెన్సిలుతో 'బాకీ' అని రాసింది.

"హోంవర్కు చేయని పిల్లల పుస్తకం మీద ఇలాగే రాస్తాను. ఇది నీకు ఊరికే ఇవ్వడం లేదు. నాలాంటివాళ్ళు చాలామంది సాక్సులు చుట్టుకుని తిరుగుతున్నారు, అడగడానికి నోరు రాక. ఇది ఇంకొకరి ఒంటికి సరిపోయిన రోజు నీ బాకీ తీరినట్టు."

తర్వాత ఆవిడకి వేరే ఊరు బదిలీ అయింది. ఆవిడ మాట నిలబెట్టాలని పదకొండు రోజులు కూర్చుని ఆ పేజీ రాశాను. గొప్ప భాషేం కాదు. తెరవెనక ఒక ఆడమనిషికి చెబుతున్నట్టు రాశాను. ఏ గుడ్డ ఒరుసుకోదు, మచ్చ మీద కుట్టు పడకుండా ఎలా చూసుకోవాలి, గింజల సంచి ఎన్నాళ్ళకి మార్చాలి. మా మరిది దాన్ని వెబ్‌సైటులో పెట్టి, "వదినా, నేను చేసినవాటికన్నా నీ పేజీయే బాగా కుదిరింది" అన్నాడు. రెండో రోజు అత్తయ్యకి తెలిసింది. "దేవుడి గూటికి ఎదురుగా కూర్చుని రాసే మాటలా ఇవి? దేవుడికి మాత్రం సిగ్గుండదూ?" అన్నారు. ఒళ్ళు చేసినవాడికి ఒంటిని చూస్తే సిగ్గెందుకని నాకనిపించింది. కానీ అనలేదు. గూటి ముందు కూర్చుని మనసులోనే అన్నాను: ఒక్కరిని పంపు స్వామీ, ఒక్కరు చాలు.

రోజూ అడిగాను. ఒక్కరూ రాలేదు. మొదటి ఏడాది ఫోను మోగినప్పుడల్లా చేతులు తుడుచుకుని పరుగెత్తేదాన్ని. తర్వాత నడిచి వెళ్ళేదాన్ని. తర్వాత మావారే తీసుకోవడం మొదలుపెట్టారు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా ఆయనకి అదొక వేడుక. "మా ఆవిడ రచయిత్రి, తెలుసా? పాఠకులే ఇంకా పుట్టలేదు." అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వేదాన్ని. ఒకసారి గిన్నెలు కడుగుతుంటే ఆయనే వెనక నిలబడి, జాలిగా, "ఎవరికీ అవసరం లేదేమోనే, అవసరముంటే వచ్చేవాళ్ళు కదా" అన్నారు. ఆ జాలికి నాకు ఆ రోజు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆయన నా మీద కోపగించుకోకుండా మాట్లాడినందుకు.

చీటీలు మేకు మీద వదిలేసి మరిదికి ఫోను చేశాను.

"నోఇండెక్సా? అన్నిటిలోనా?" అని పెద్దగా నవ్వేశాడు. "అయ్యో వదినా, కొంప మునిగింది. నీ పేజీ బాగా కుదిరిందని నాలుగేళ్ళ క్రితం దాన్నే కాపీ చేసి, లోపలి మాటలు మార్చి మిగతావన్నీ చేశాను. ఆ వరుస కూడా వెంట వచ్చేసి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదా?"

"మరి నా పేజీలో ఎందుకుంది?"

నవ్వు ఆగిపోయింది. పక్కన ఎవరో పిలుస్తున్నట్టు "ఆఁ ఆఁ" అన్నాడు. పిలుస్తున్నవాళ్ళెవరూ లేరని నాకు తెలుసు.

"అబ్బాయ్, నిన్నే అడుగుతున్నాను."

"అన్నయ్య పెట్టమన్నాడు వదినా. అమ్మ గోల పెడుతోంది, తీసేస్తే వదిన బాధపడుతుంది, ఉన్నట్టే ఉండాలి గానీ ఎవరికీ కనపడకూడదు అన్నాడు. నీకు చెప్పాడనుకున్నాను."

ఫోను పెట్టేశాక చాలాసేపు తక్కెడ వైపు చూస్తూ కూర్చున్నాను. కోపం వెంటనే రాలేదు. నాకు కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, అందరి పనులూ అయ్యాక నా భోజనం లాగా. ముందు వచ్చింది లెక్క. తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది గది తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా ఫోనులో ఆ మాటలు కొట్టి వెతికి ఉంటారు? ఏమీ దొరక్క మళ్ళీ సాక్సు చుట్టి పెట్టుకుని ఉంటారు? నేను రాసింది ఎవరికీ అవసరం లేదని నాకు చెప్పిన మనిషికి, అది ఎవరికీ కనపడదని తెలుసు. ఆడపడుచు ముందు నవ్వినప్పుడు తెలుసు. గిన్నెల దగ్గర జాలిపడినప్పుడు కూడా తెలుసు. దుకాణం మునిగిపోతున్నదానికన్నా నన్ను ఆ జాలి ఎక్కువగా పొడిచింది.

నాలుగింటికి మావారు లేచి టీ అడిగారు. టీ ఇచ్చి, చీటీలు ముందు పెట్టి, యూనిఫారాలు ఎందుకు పోయాయో చెప్పాను. ఆయన టీ తాగడం ఆపేశారు.

"అంటే, నాలుగేళ్ళుగా కొత్త బేరాలు రాకపోవడం…"

"ఈ మాట వల్లే. నా పేజీని దాచడానికి పెట్టించారు. అది మన దుకాణం మొత్తాన్ని దాచేసింది."

ఆయన చీటీలు ఒకదాని వెనక ఒకటి తిప్పారు. తల ఎత్తలేదు. "నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక చెప్పలేదు" అన్నారు.

"బాధపడ్డాను కదండీ."

"సరే, అయిందేదో అయింది. నీకు తీయడం వచ్చుగా? మిగతా పది పేజీల్లోంచీ తీసెయ్. నీది మాత్రం అలాగే ఉంచు."

"ఎందుకు?"

"హోటలు మేనేజర్లు చూస్తారు, బడివాళ్ళు చూస్తారు. యూనిఫారాల పక్కన ఆ మాటలేమిటి?"

"ఏ మాటలు?"

"అదే… ఆ మాట."

"రొమ్ము" అన్నాను.

పదిహేడేళ్ళుగా వంటింటికీ మిషనుకీ మధ్య తిరిగిన ఈ గదిలో నేను ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. లోపలి గదిలో అత్తయ్య మంచం కిర్రుమంది. ఆకాశమేమీ విరిగిపడలేదు. గూట్లో దేవుడు ఎప్పటిలాగే చూస్తున్నాడు.

"నెమ్మదిగా!" అన్నారు మావారు. తర్వాత గొంతు తగ్గించి, "పదే తియ్. నా మాట విను" అన్నారు.

నేను అలవాటుగా తల ఊపబోయి, మధ్యలో ఆపుకున్నాను. చీటీలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చుంటే, ప్రార్థన నోటికి రాలేదు. క్షమాపణ వచ్చింది. తొమ్మిదేళ్ళు నిన్ను అనుమానించాను స్వామీ, నువ్వు వినలేదేమోనని. గడియ మా ఇంటివాళ్ళు వేస్తే నువ్వేం చేస్తావు? ఆ మాట అన్నాక ఇంకో మాట కూడా వచ్చింది, అది కొంచెం పెంకిది: కానీ నువ్వు కూడా నాకు ఒక్కసారి చెప్పి ఉండాల్సింది. ఆయన ఏమీ అనుకోలేదనే నాకనిపించింది. మనసులో మాట దాచుకునే భక్తి కన్నా ఇదే ఆయనకి ఇష్టమేమో. ఏమో, నాకు పెద్ద శాస్త్రాలు తెలియవు.

ఆ మధ్యాహ్నం మరిదిని పాస్‌వర్డు అడిగి తీసుకుని, పదకొండు పేజీల్లోంచీ ఆ వరుస తీసేశాను. కుట్టు విప్పినట్టే ఉంది, దారం కొస పట్టుకుంటే తక్కినది దానంతటదే వచ్చేసింది. పేజీకి పేజీకి వేరువేరు తలకట్టులు పెట్టాను. మళ్ళీ వచ్చి చూడమని సెర్చ్ ఇంజిన్‌ని అడగడానికి ఒక చోటుంటుంది, అక్కడ పదకొండింటినీ అడిగాను. మావారు లేచి రాగానే చెప్పాను. అబద్ధం మీద కట్టిన మౌనం ఎలా ఉంటుందో చూశాను కనుక, నేను దాచదలచుకోలేదు.

"పదకొండూ తీశాను."

"నేను పదన్నాను."

"విన్నానండీ."

"మళ్ళీ పెట్టు."

"మీరే పెట్టుకోండి. శనివారం లైబ్రరీలో క్లాసుంది. మీకు ఖాళీ ఉంటే."

 ఆ వారమంతా మా మధ్య మాటలు కొలతలతోనే సరిపోయాయి. నడుము ముప్ఫైనాలుగు, చెయ్యి ఇరవైమూడు. అత్తయ్య పళ్ళెం ముందు కూర్చుని, "ఈ ఇంటి పరువు బజార్లో పెట్టింది" అని గోడకి చెప్పేవారు. గోడతో పాటు నేనూ విన్నాను, వినీ పళ్ళెంలో వడ్డించాను. లోపల మాత్రం ఒకటే ప్రశ్న. ఒకవేళ ఇప్పుడు కూడా ఎవరూ రాకపోతే? గడియ తీశాక కూడా రాకపోతే, ఇక దేవుడి మీదా, మావారి మీదా నెట్టడానికి ఏమీ మిగలదు. నా చేతకానితనమే మిగులుతుంది.

మూడో వారంలో ఒక హోటలువాళ్ళు ఫోను చేశారు. తర్వాత కొత్తగా తెరిచిన చిన్నపిల్లల బడి. మావారి ముఖం విచ్చుకుంది. దుకాణానికి వచ్చినవాళ్ళతో "నేనే పంపించానండీ మా ఆవిడని లైబ్రరీకి" అని చెప్పడం తెరవెనకనుంచి విన్నాను. కాజా కుడుతూ నవ్వుకున్నాను. నాలుగో పేజీ గురించి ఎవరూ అడగలేదు.

ఆరో వారం, మంగళవారం పదకొండింటికి, బస్సు డ్రైవర్ల యూనిఫారంలో ఒకావిడ వచ్చింది. బొత్తాల పెట్టె దగ్గర నిలబడి బొత్తాలన్నీ చూస్తోంది గానీ ఒక్కటీ ముట్టుకోలేదు. "ఏం కావాలమ్మా?" అని మావారు మూడుసార్లు అడిగారు.

"ఇంట్లో ఆడవాళ్ళున్నారా?"

మావారు కత్తెర కింద పెట్టారు. ఆయన ముఖంలో ఏముందో నాకు కనపడలేదు, తెర సందులోంచి వీపు మాత్రమే కనిపిస్తుంది. తెర పక్కకి లాగి, "లోపలికి వెళ్ళండమ్మా" అన్నారు. తర్వాత తనే వెళ్ళి వీధి గుమ్మం బయట, ఎండలో, అటు తిరిగి నిలబడ్డారు.

తెర వేశాక ఆవిడ చొక్కా పై బొత్తాం పట్టుకుని ఆగిపోయింది. "అక్కా, అది రాసింది మీరేనా? ఆ గింజల సంచి…"

"నేనే."

"నిన్న వెతికితే వచ్చింది. రెండేళ్ళుగా వెతుకుతున్నాను. మందులవీ, ఆసుపత్రులవీ వస్తాయి గానీ, ఇలా మామూలుగా చెప్పేది ఎప్పుడూ రాలేదు. నాకు సీటు బెల్టు సరిగ్గా అక్కడే పడుతుందక్కా. ఏం పెట్టుకున్నా గంటలో పక్కకి పోతుంది."

ఆ రెండేళ్ళు నా గుండెలో సూదిలా దిగాయి.  బీరువా తీసి, బట్టల అడుగున ఉన్న గళ్ళ కాగితం తీశాను. మడతల దగ్గర పసుపుపచ్చగా అయిపోయింది. టీచరు కొలతలన్నీ బోర్డు ముందు నిలబడే మనిషికి వేసినవి. బెల్టు కోసం జేబును కొంచెం కిందికి దించి, పై అంచుకి అడ్డంగా ఇంకో వరుస కుట్టు వేయాల్సి వచ్చింది. అవిసె గింజలు తక్కెడలో తూచాను. తక్కెడని చూసి ఆవిడ నవ్వింది.

"ఇందులో కూరలు తూచరు కదక్కా?"

"తూస్తాను. కడుగుతానులే."

మధ్యాహ్నం దాకా పట్టింది. వంట ఆలస్యమైంది, అత్తయ్య రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు. కుట్టడం అయ్యాక ఆవిడ చొక్కా వేసుకుని, నా మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. గుడ్డముక్క ఒకటి బెల్టులా అడ్డంగా లాగి పట్టుకున్నాను. ఆవిడ రెండు చేతులూ చాపి, గాల్లో స్టీరింగు పట్టుకుని, పెద్ద మలుపు తిప్పింది. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. మళ్ళీ గబుక్కున బ్రేకు వేసినట్టు ముందుకి వంగింది. ఎక్కడా కదల్లేదు. ఆవిడ అలాగే స్టీరింగు పట్టుకుని, కాసేపు ఎటూ తిప్పకుండా కూర్చుంది.

వెళ్ళేటప్పుడు కాగితం మూల చూపించి అడిగింది. "బాకీ అని ఉందేమిటక్కా?"

"మా టీచరు రాసింది. నేను చేయని హోంవర్కు."

ఆవిడ వెళ్ళిపోయాక పొయ్యి వెలిగించలేదు. మా అమ్మాయి పెట్టె తెరిచి ఎర్ర పెన్సిలు వెతికి, మొనకి బ్లేడు పెట్టి చెక్కాను. గళ్ళ కాగితాన్ని మిషను మీద పరిచి, ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీశాను. పక్కన టిక్కు పెట్టి, కింద తేదీ వేశాను.